ఆ ఒక్క స్విచ్చీ వేసి ఉంచు

హైదరాబాద్‌లో మే నెల వాన ఎలా వస్తుందో ఇక్కడుండేవాళ్లకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ. నాలుగింటికి ఆకు కదలదు. ఐదున్నరకి ఆకాశం ఒక పక్క నుంచి నల్లబడటం మొదలవుతుంది. టీవీలో ‘క్యుములోనింబస్ మేఘాలు’ అని చెప్పేలోపే దుమ్ము లేచి, మన బాల్కనీలో ఆరేసిన తువ్వాలు కింద ఫ్లాటు వాళ్ల గ్రిల్లుకి వేలాడుతుంటుంది.

ఆ రోజూ అంతే. సాయంత్రం ఆరూ ఇరవై. ఇడ్లీకి మినప్పప్పు గ్రైండర్లో వేశాను. మావాడు తన గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మాక్ టెస్టు రాస్తున్నాడు. మూడు రోజుల్లో ఎప్‌సెట్. మా ఆయన ఆఫీసు పని మీద బెంగళూరులో ఉన్నారు. నాన్న బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మబ్బుల్ని చూస్తున్నారు. అమ్మ పోయినప్పట్నుంచీ, అంటే మూడేళ్లుగా, నాన్న మా దగ్గరే ఉంటున్నారు.

ఎక్కడో దగ్గర్లోనే ఢామ్మని పేలిన శబ్దం. గ్రైండర్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి నిలబడింది. గదిలోంచి మావాడు “అమ్మా!” అని అరిచాడు, తప్పు నాదన్నట్టు.

ఇన్వర్టర్ ఉంది. కానీ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయమని నాన్న రెండు నెలలుగా చెబుతూనే ఉన్నారు. నేను “రేపు” అంటూనే ఉన్నాను. అది పది నిమిషాలు కూతపెట్టి ప్రాణం వదిలింది. ఎమర్జెన్సీ లైటు తీస్తే చార్జింగు లేదు. చివరికి దేవుడి గూట్లో ఉన్న కొవ్వొత్తి దిక్కయింది.

నాన్న బాల్కనీలోంచి లోపలికొచ్చి తలుపేశారు. మెరుపు మెరిసింది. “ఒకటి... రెండు... మూడు...” అని లెక్కపెట్టారు. ఆరు దగ్గర ఉరిమింది.

“రెండు కిలోమీటర్లు,” అన్నారు.

“అదెలా తాతయ్యా?” మావాడు.

“ఫిజిక్సు చదివేది నువ్వు, నన్నడుగుతావేంట్రా? వెలుగు వెంటనే వచ్చేస్తుంది. శబ్దం సెకనుకి మూడు వందల నలభై మీటర్లే నడుస్తుంది. మూడు సెకన్లకి ఓ కిలోమీటరు వేసుకో.”

చిన్నప్పుడు ఉరిమితే మా నాయనమ్మ అర్జునుడి పది పేర్లూ గడగడా చదివేది. నాన్న మాత్రం అంకెలు చదివేవారు. మా ఇంట్లో ఇద్దరి మంత్రాలూ ఒకేసారి నడిచేవి.

తర్వాత నాన్న ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకారు. ఫ్రిజ్, టీవీ, వైఫై, గ్రైండర్, అన్నీ. నేను హాల్లో లైటు స్విచ్చి కూడా ఆపబోతుంటే వారించారు.

“ఆ ఒక్క స్విచ్చీ వేసి ఉంచు.”

“ఎందుకు తాతయ్యా?”

“కరెంటొస్తే తెలియాలి కదరా.”

ఆ జవాబు పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. కానీ అప్పుడు నా గొడవంతా గ్రైండర్లో సగం నలిగిన పిండి గురించే.

కింద అపార్టుమెంటు జనరేటరు మొదలైంది. లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమే వస్తుంది అది. ఆ చప్పుడు వినగానే నాన్న మొహం ఎప్పుడూ బిగుసుకుపోతుంది. ఆ రోజూ కర్ర పట్టుకుని తలుపు దగ్గరికి నడిచారు.

“మళ్లీ వాచ్‌మన్ దగ్గరికా?” అన్నాను.

“చేంజోవర్ సరిగ్గా పడిందో లేదో చూసొస్తా.”

“నాన్నా, అది ఆటోమేటిక్కు. పోయిన నెల కూడా చూసొచ్చారు. అతను నవ్వుకుంటున్నాడు.”

ఆగిపోయారు. తిరిగొచ్చి సోఫాలో కూర్చున్నారు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ ఆ సాయంత్రం నేనన్న మాటల్లో అది చిన్నది.

*

ఏడున్నరకి అన్నం వండాను. కొత్తావకాయ, నెయ్యి, వేయించిన అప్పడాలు. కొవ్వొత్తి వెలుగులో ముగ్గురం కింద కూర్చుని తిన్నాం. బయట వాన తగ్గుతున్నట్టే ఉండి మళ్లీ అందుకుంటోంది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం అస్సలు తగ్గలేదు. మావాడు ఫోన్లో మిగిలిన పన్నెండు శాతం చార్జింగుతో అవన్నీ పైకి చదివి వినిపిస్తున్నాడు.

“నాలుగు చినుకులు పడితే చాలు, కరెంటు తీసేసి పడుకుంటారు.”

“బిల్లు ఒక్కరోజు లేటైతే మాత్రం వచ్చేస్తారు.”

“వీళ్లకి జీతాలు దండగ.”

నాన్న మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. తల ఎత్తలేదు. మావాణ్ణి ఆపమని నేను సైగ చేయొచ్చు. చేయలేదు. ఎందుకంటే మూడో మెసేజి కింద బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనిమిదిన్నర అయింది. 1912కి చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అంతకుమించి ఏమీ తెలియలేదు. వాచ్‌మన్ దగ్గర లైన్‌మన్ ఫోన్ నంబరు ఉంటుంది కదా, అడిగి తీసుకుని చేశాను. ఐదుసార్లు చేస్తే ఆరోసారి ఎత్తాడు. వాన చప్పుడులో గొంతు సరిగ్గా వినపడటంలేదు.

“చెట్టు పడింది మేడం. ఇన్సులేటర్ పగిలిపోయింది. కొమ్మలు కొట్టేశాం. ఉరుములు తగ్గగానే ఎక్కుతాం.”

“రెండు గంటలైందండీ. రెండు గంటల్నించి ఏం చేస్తున్నారక్కడ? మా అబ్బాయికి పరీక్షలున్నాయి. ఉరుములు తగ్గేదాకా మేమంతా చీకట్లో కూర్చోవాలా? మీకు జీతాలొచ్చేది మా బిల్లుల్లోంచే కదా!”

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. “చేస్తాం మేడం,” అని పెట్టేశాడు.

వెనక్కి తిరిగాను. నాన్న చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ నా వెనకే నిలబడి ఉన్నారు.

“ఉరుముల్లో ఎక్కమన్నావా అమ్మలూ?” అన్నారు.

కోపంగా అనలేదు. వినికిడి తగ్గినవాళ్లు సరిగ్గా విన్నామో లేదోనని అడుగుతారే, అలా అడిగారు.

*

మా నాన్న లైన్‌మన్. కోనసీమలో ముప్ఫై ఏళ్లు చేశారు. ఈ వాక్యాన్ని నేను ఇంత సూటిగా రాయడం బహుశా ఇదే మొదటిసారి. కాకినాడ హాస్టల్లో ఫారం నింపేటప్పుడు ‘గవర్నమెంట్ ఎంప్లాయీ’ అని రాశాను. పెళ్లిచూపుల్లో ‘ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంట్’ అన్నాం. మావాడికి ‘తాతయ్య కరెంటాఫీసులో చేసేవారు’ అని చెప్పాను. వాడి ఊహలో ఆఫీసంటే కుర్చీ, టేబులూ. నేనెప్పుడూ దిద్దలేదు. నాన్నా దిద్దలేదు.

కరెంటు పోవడమంటే అందరిళ్లలో ఒక అర్థం. మా ఇంట్లో ఇంకో అర్థం. గాలి లేవగానే వీధిలో జనం కిరసనాయిలు దీపాలు వెతుక్కునేవారు. మా అమ్మ నాన్న సైకిలు వెతికేది. సైకిలుకి తాడు, ప్లయరు, టెస్టరు, ఎర్త్ రాడ్లు కట్టి ఉన్నాయో లేవో చూసేది. రబ్బరు గ్లౌజులు సంచిలో పెట్టేది. నాన్న వెళ్లిపోయాక తలుపు దగ్గరగా వేసి, హాల్లో బల్బు స్విచ్చి నొక్కి ఉంచేది. కరెంటే లేని ఇంట్లో స్విచ్చి వేయడం ఏమిటని చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది.

తర్వాత అర్థమైంది. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. ఎల్సీ అంటారు. అక్కడ ఆపరేటరు ఆ లైను ఆపి, ఎవరు తీసుకున్నారో, ఎన్ని గంటలకి తీసుకున్నారో రిజిస్టర్లో రాస్తాడు. పనయ్యాక మనుషులందరూ స్తంభం దిగి, తగిలించిన రాడ్లు తీసేసి, ఎల్సీ వెనక్కి ఇవ్వాలి. అప్పుడే కరెంటు వదులుతారు. అంటే బల్బు వెలిగిందంటే నాన్న నేల మీద ఉన్నట్టు.

బల్బు వెలగగానే వీధంతా పిల్లలు ‘హే!’ అని కేకలు పెట్టేవారు. అమ్మ కేక పెట్టేది కాదు. బల్బుకేసి చూసి, “దిగారు,” అనేది. అంతే. తర్వాత లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమని ఎలా ఊడ్చేసిందో ఆ చుట్టుపక్కల వాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేల మీద పరిచి ఉన్నాయి. స్తంభాలు విరిగిపోయాయి, వైర్లు కాలవల్లో తేలుతున్నాయి. ఆ పొద్దున్న వెళ్లిన నాన్న పదకొండు రోజులు ఇంటికి రాలేదు. ఆ పదకొండు రోజులూ అమ్మ స్విచ్చి ఆపలేదు. వచ్చినప్పుడు ఆయన కాళ్లు చూశాను. స్తంభాన్ని వాటేసుకుని ఎక్కీ ఎక్కీ పిక్కల లోపలివైపు చర్మం లేచిపోయి ఉంది. ఇప్పటికీ అక్కడ వెంట్రుక మొలవదు.

ఇన్ని తెలిసినదాన్ని ఫోన్లో ఆ మాటలన్నాను.

*

“తాతయ్యా, నువ్వు స్తంభాలెక్కేవాడివా?” మావాడు అడిగాడు. కొవ్వొత్తి వెలుగులో వాడి కళ్లు పెద్దవయ్యాయి.

“మరి? నిచ్చెన వేసి మీ అమ్మని ఎక్కించేవాణ్ణనుకున్నావా?”

వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

“మరి ఉరుముతుంటే ఎందుకు ఎక్కకూడదు? కరెంటు ఆపేసే ఉంటుందిగా?”

“ఆపింది సబ్‌స్టేషన్ కరెంటురా. పిడుగు ఎల్సీ తీసుకుని పడదుగా. నాలుగు కిలోమీటర్ల అవతల లైను మీద పడ్డా వైరు పట్టుకుని వచ్చేస్తుంది. అందుకే ఉరుములుంటే ఆగాలి. ఎవరేమన్నా ఆగాలి.”

‘ఎవరేమన్నా’ అన్నప్పుడు నావైపు చూడలేదు. కొంచెం ఆగి మళ్లీ ఆయనే అన్నారు. “మేం ఆగలేదు ఒకసారి.”

ఏ రోజు గురించో నాకు తెలుసు. 1998 మే నెల, పెళ్లిళ్ల రోజులు. నాన్న దగ్గర హెల్పరుగా ఒకతను ఉండేవాడు. పాతికేళ్లుంటాయి. మేము బాబాయ్ అని పిలిచేవాళ్లం. నాకు సైకిలు నేర్పింది అతనే. ఆ రాత్రి ఎవరో జనరేటరుని మెయిన్ ఆపకుండా ఇంటి వైరింగుకి కలిపేశారని, ఆ కరెంటు వెనక్కి లైనులోకి వచ్చి స్తంభం మీదున్న బాబాయ్ పోయాడని మాకు తెలిసిన కథ. నాన్న జనరేటరు చప్పుడు వింటే ఎందుకలా అయిపోతారో నాకు తెలుసు. తెలిసే ‘వాచ్‌మన్ నవ్వుకుంటున్నాడు’ అన్నాను.

“ట్రాన్స్‌ఫార్మర్ని ఇటునుంచి చూస్తే పదకొండు వేల వోల్టులు నాలుగొందల నలభై అవుతాయి,” మావాడికి చెబుతున్నారు. “అటునుంచి చూస్తే నాలుగొందల నలభై పదకొండు వేలవుతాయి. దానికి ముందూ వెనకా తెలీదు. నువ్వు ఎటునుంచి ఇస్తే అటునుంచి పనిచేస్తుంది.”

“మరి చూసుకోలేదా తాతయ్యా?”

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కొవ్వొత్తి కరిగి పళ్లెంలో ఒక పక్కకి కారింది. వేలితో దాన్ని నెట్టారు.

“గాలికి జంపర్ తెగింది. రెండు వీధుల అవతల పెళ్లి. జనమంతా మా చుట్టూ చేరారు. ముహూర్తం దాటిపోతోంది, ఇంకెంతసేపు, మీరసలు పనిచేస్తున్నారా అని. ఎల్సీ తీసుకున్నా. ఏబీ స్విచ్ తెరిచా. ఎర్త్ రాడ్లు సైకిలుకే కట్టి ఉన్నాయి. అవి విప్పి, పాతి, రెండు వైపులా వైర్లకి తగిలించాలంటే పది నిమిషాలు. అవి తగిలిస్తే ఎటునుంచి కరెంటొచ్చినా భూమిలోకి పోతుంది, మనిషి మీదకి రాదు. ఎవరో పెద్దాయన అడిగాడు, పది నిమిషాల్లో అయిపోద్దా అని. అయిపోద్దండి అన్నా. వాడి వైపు చూసి ఎక్కరా అన్నా. రాడ్లు విప్పలేదు.”

నాకు ఒళ్లు చల్లబడింది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

“విచారణలో జనరేటర్ అనే రాశారు. అదీ నిజమే. మెయిన్ ఆపకపోవడం వాళ్ల తప్పే. కానీ నా రాడ్లు సైకిలుకే ఉన్నాయి.”

“అమ్మకి తెలుసా?” అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినపడింది.

“ఆ రాత్రే చెప్పాను. ఏమీ అనలేదు. అప్పట్నుంచి నేను బయల్దేరేటప్పుడు రాడ్లు సైకిలుకి కట్టనిచ్చేది కాదు. చేతికిచ్చేది. చేతిలో ఉంటే మర్చిపోరుగా అనేది.”

అమ్మ గుమ్మంలో నిలబడి రాడ్లు చేతికివ్వడం నాకు బాగా గుర్తు. సైకిలు తొక్కుతూ అంత పొడుగు రాడ్లు పట్టుకోవడం ఎంత ఇబ్బందో, ఈవిడకి తెలీదా అనుకునేదాన్ని.

“జనం మీద నాకు కోపం లేదమ్మలూ,” అన్నారు నాన్న. “చీకట్లో ఉన్నవాడు అరుస్తాడు. అరవడం తప్పు కాదు. ఆ అరుపు విని తొందరపడటం మా తప్పు. ఇప్పుడక్కడున్నవాడు కుర్రాడేమో. వాడికింకా అరుపులు అలవాటయ్యాయో లేదో, అదే నా దిగులు.”

*

ఫోన్ తీసుకుని ఆ నంబరుకి మళ్లీ చేశాను. ఈసారి మొదటిసారే ఎత్తాడు.

“మేడం, ఇంకో అరగంట. ఎక్కబోతున్నాం,” అన్నాడు నేను నోరు విప్పకముందే.

“కాదు బాబూ, తొందరేం లేదు. అది చెబుదామనే చేశాను. నిదానంగా చూసుకుని చేయండి.”

“అయిపోతుంది మేడం, అరగంట.”

“అరగంట కాకపోతే రెండు గంటలు పట్టనీ. నేను నిజంగానే అంటున్నా. ఎర్తింగు పెట్టుకున్నారా?”

అవతల అనుమానంతో కూడిన నిశ్శబ్దం. పై ఆఫీసరు ఎవరైనా చేయిస్తున్నారేమో అనుకున్నట్టున్నాడు. “అన్నీ రూల్స్ ప్రకారమే చేస్తున్నాం మేడం,” అన్నాడు బిగుసుకుపోయిన గొంతుతో.

అతను నన్ను నమ్మలేదు. గంట క్రితం అరిచిన గొంతే ఇప్పుడు నిదానంగా చేయమంటే ఎవరు నమ్ముతారు? ఒకసారి అన్నమాట రెండోసారి ఫోను చేస్తే వెనక్కి రాదు. నాన్న చెయ్యి చాపారు. ఫోన్ ఇచ్చాను.

“ఏ లైను బాబూ? లెవెన్ కేవీయా?... ఊ. రెండు పక్కలా పెట్టావా?... ఎంతమంది ఉన్నారు?... నేనూ మీవాణ్ణే. రిటైరయ్యా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుని ఎక్కు. ఎవరు చేసినా ఎత్తకు. నేను చేసినా ఎత్తకు.”

అవతల అతనేమన్నాడో నాకు వినపడలేదు. నాన్న మాత్రం నవ్వారు. “ఆ... ఉంటా.”

గ్రూపులో మెసేజి పెట్టాను. ‘చెట్టు పడి ఇన్సులేటర్ పగిలింది. స్తంభం ఎక్కుతున్నారు. దయచేసి ఎవరూ ఆయనకి ఫోన్ చేయకండి. మా నాన్నగారు లైన్‌మన్‌గా చేశారు, అందుకే చెబుతున్నాను.’ చివరి వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాసి పంపాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మూడో అంతస్తు ఆవిడ నమస్కారం బొమ్మ పెట్టింది. ఇంకొకాయన ‘సరే గానీ, ఇంకెంతసేపట’ అని అడిగాడు. చీకట్లో ఉన్నవాడు అరుస్తాడు, నిజమే.

సగం నలిగిన పిండిని గిన్నెలోకి తీసి మూత పెట్టాను. మావాడు తాతయ్యని కొవ్వొత్తి దగ్గర కూర్చోబెట్టుకుని చేంజోవర్ స్విచ్ బొమ్మ గీయించుకుంటున్నాడు. మాక్ టెస్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉరుములు దూరంగా వెళ్లిపోయాయి. వాడు లెక్కపెడుతుంటే ఇరవై నాలుగు దాకా వెళ్లింది.

“ఎనిమిది కిలోమీటర్లు తాతయ్యా.”

“ఇంకా దగ్గరే,” అన్నారు నాన్న.

పదీ యాభైకి హాల్లో లైటు వెలిగింది. కళ్లు మూసుకుపోయాయి. కింద నుంచి, పై నుంచి, పక్క అపార్టుమెంటు నుంచి పిల్లల కేకలు. ‘హే!’ అని. ఊరు మారినా ఆ కేక మారలేదు.

నాన్న సోఫాలో అలాగే కూర్చుని లైటు కేసి చూశారు. భుజాలు కొంచెం కిందికి జారాయి.

“దిగాడు,” అన్నారు.

నేను లేచి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాను.